నోరోవైరస్ పనిలో దిగుతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ రకాల మీద పీహెచ్‌డీలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. చేతులు సబ్బుతోనే కడుక్కో, ఈ వైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచెయ్యదు. బల్లలు బ్లీచ్‌తో తుడువు. నెగెటివ్ కంట్రోల్, అంటే వైరస్ లేని ఖాళీ శాంపిల్, పక్కన లేకుండా ఒక్క పీసీఆర్ (వైరస్ జన్యువు ముక్కకి కాపీలు తీసే పరీక్ష) కూడా పెట్టకు.

ఇక నేను చేసిన తప్పు గురించి. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఒక్క రాత్రే నలభై మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. శాంపిళ్లు తెచ్చాం. పిల్లలవి పన్నెండు, వంటావిడది ఒకటి. ఆవిడకి ఒంట్లో ఏ నలతా లేదు. అయినా పీసీఆర్‌లో వచ్చిన ముక్కల్ని పొడవును బట్టి విడదీసే జెల్ మీద పిల్లలకీ ఆవిడకీ ఒకే ఎత్తులో గీత వచ్చింది. 'వంటమనిషి ద్వారా వ్యాపించి ఉండవచ్చు' అని రిపోర్ట్ రాశాను. 'ఉండవచ్చు' అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడే ఆవిడని పనిలోంచి తీసేశారు. ల్యాబ్ గుమ్మం దగ్గరకొచ్చి, 'నా చేతులు చూడండమ్మా, ఎప్పుడూ శుభ్రంగానే ఉంచుకుంటాను' అంది. నేను తలెత్తి చూడలేదు.

ఏడాది తర్వాత సీక్వెన్సింగ్‌కి, అంటే జన్యువు అక్షరాలు వరసగా చదివించడానికి, డబ్బులొస్తే, ఫ్రీజర్‌లో దాచిన శాంపిళ్లన్నీ పంపించాను. పిల్లలందరిలో ఉన్నది నోరోవైరస్‌లో జీటూ.4 అనే రకం. ఆవిడలో ఉన్నది జీటూ.6 అనే వేరే రకం. మన ప్రైమర్లు, అంటే పీసీఆర్‌లో కాపీని మొదలుపెట్టే చిన్న ముక్కలు, వైరస్‌లో పెద్దగా మారని చోటునే పట్టుకుంటాయి కదా, అందుకే రెండు రకాలకీ గీత ఒకే పొడవులో వచ్చింది. తేడా అంతా ఆ గీత లోపలి అక్షరాల్లో ఉంది. జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి వైరస్ మలంలో పడుతుందనీ, కొందరికి అసలు లక్షణాలే ఉండవనీ అప్పుడు నేను ఆలోచించలేదు. ఆ హాస్టల్ నీళ్ల ట్యాంకు సంగతి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆవిడ ఊరు వదిలి వెళ్లిపోయింది.

2021లో వయనాడ్‌లో పశువైద్య కళాశాల విద్యార్థులకి నోరోవైరస్ సోకిందని వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అక్కడ వంట చేసేవాళ్లే.

అందుకే చెప్తున్నాను, అక్షరాలు చదవకుండా ఎవరి పేరూ రాయకు. అవి కూడా ఒక్క చోటే చదివి ఆగకు. ఈ వైరస్‌కి ఏడున్నర వేల అక్షరాలు. కాపీలు తీసే పాలిమరేజ్ జన్యువు, పైతొడుగు జన్యువు కలిసే చోట రెండు రకాలు ముక్కలు మార్చుకుంటాయి. 2012లో ప్రపంచమంతా పాకిన, జీటూ.4లోని సిడ్నీ రకం కొన్నేళ్లకే పాత పీ31 రకం పాలిమరేజ్ వదిలి పీ16 రకం తగిలించుకుంది. పైతొడుగు ఒక్కటే చూసినవాళ్లకి అది పాత సిడ్నీలాగే కనిపిస్తుంది. జీటూ.17 చూడు. 2014-15 చలికాలంలో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లోనూ జపాన్‌లోనూ పైకొచ్చింది, 2024-25లో అమెరికాలో పైచేయి అయింది. 'ఎప్పుడూ జీటూ.4 కదా' అనుకుని కూర్చుంటే ఇలాంటివి చేజారిపోతాయి.

రకం కలిసినంత మాత్రాన మూలం ఒకటేనని కూడా రాయకు. ఒకే సీజన్‌లో ఊరంతా ఒకే రకం తిరుగుతుండొచ్చు. ఎవరు ముందు జబ్బు పడ్డారు, ఎవరు ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు, అవి నువ్వే వెళ్లి కనుక్కో. ఫోన్‌లో అడిగి ఊరుకుంటే ఊరుకోను.

నీకు నాలుగేళ్లప్పుడు మూడు రోజులు వాంతులయ్యాయి. చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూ నీ పక్కనే కూర్చున్నాను. ఇప్పటికీ నువ్వు నాకు అంతే పిల్లవి. తిండి మానేసి ల్యాబ్‌లో ఉండిపోకు.

మొదటి రిపోర్ట్ ఎవరికైనా పంపే ముందు నాకొకసారి చదివి వినిపించు. అర్ధరాత్రయినా సరే, ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ