రెండో దెబ్బ

విశాఖపట్నం,
ఆదివారం.

తమ్ముడూ,

నీ కథ చదివాను. కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్న స్టీల్ ప్లాంట్ రిటైర్డ్ ఫోర్‌మన్, పెరట్లో నూతి గట్టు మీదున్న నీళ్ల మోటారు విప్పుతున్న కుర్రాడు, ఇనుప రాడ్డు, రెండు దెబ్బలు. కుర్రాడు పోతాడు. తెల్లారేసరికి కాలనీ అంతా గేటు ముందు చేరి ఆయన్ని మెచ్చుకుంటుంది. మంచి పట్టుతో రాశావు. చీకట్లో నట్టు కిర్రుమంటే ఆయన ముందు ఎలకేమో అనుకోవడం, భార్యకు మెలకువ రాకుండా మెల్లిగా దుప్పటి తొలగించి లేవడం చాలా బాగున్నాయి. ఆ చివరి పేజీతోనే నాకు పేచీ. అక్కడ ఒక మనిషి చచ్చిపోయాడు. ఆ సంగతి నీ కథకు తెలిసినట్టు లేదు.

దొంగని చంపితే తప్పేంటని అడుగుతావు. మన ఊళ్లో ఏ టీకొట్టు దగ్గర అడిగినా చాలామంది ఆ మాటే అంటారు. "నా ఇంటికొచ్చాడు, చచ్చాడు." ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసి, పీఎఫ్ డబ్బుతో గోడలు లేపిన మనిషి ఆయన. పరాయివాడు చీకట్లో మన ఆవరణలోకి దూరాడంటే వస్తువుతో పాటు ధైర్యం కూడా పోతుంది. తర్వాత నెలల తరబడి ఆకు కదిలినా లేచి కూర్చుంటాం. ఆ భయాన్ని కథలో ఎక్కడా తక్కువ చెయ్యొద్దు. కానీ చట్టం ఆ భయానికి ఎంతదూరం తోడొస్తుందో, ఎక్కడ చెయ్యి వదిలేస్తుందో తెలుసుకోకుండా ఇలాంటి కథ రాయకూడదు. చదివేవాళ్లలో ఎవరో ఒకరి మంచం కింద నిజంగానే రాడ్డు ఉంటుంది.

మన చట్టం ఈ విషయంలో ఇంటివాడికి అన్యాయం చెయ్యలేదు. 1830ల్లో మెకాలే ఆధ్వర్యంలో శిక్షాస్మృతి ముసాయిదా రాసినప్పుడు, ఇక్కడి జనం దౌర్జన్యానికి మరీ తలవంచుతున్నారని, ఎదురు నిలిచే ధైర్యం వాళ్లలో పెంచాలని తలచి, ఆత్మరక్షణ హక్కును విశాలంగానే పెట్టారు. 1860లో చట్టమై 1862 నుంచి నడిచిన ఆ ఐపీసీ స్థానంలోకి 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు ఇప్పుడు 34 నుంచి 44 దాకా ఉన్నాయి. సారం దాదాపు అదే. మన ప్రాణంతో పాటు మన ఆస్తిని, పక్కవాడి ఆస్తిని కాపాడటానికి కూడా బలం వాడొచ్చు. అయితే ఆస్తి కోసం అవతలివాడి ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు కొన్ని సందర్భాల్లోనే ఉంది. దోపిడీ జరుగుతున్నప్పుడు. పొద్దుగూకాక, పొద్దు పొడవక ముందు ఎవరైనా ఇల్లు బద్దలుకొట్టి చొరబడినప్పుడు. మనుషులుండే ఇంటికో, సరుకు దాచే చోటుకో నిప్పు పెడుతున్నప్పుడు, పేలుడు పదార్థం వాడుతున్నప్పుడు. మామూలు దొంగతనమో, విధ్వంసమో, ఇంట్లోకి చొరబాటో అయినా సరే, ఇప్పుడు అడ్డుకోకపోతే ప్రాణం పోవడమో తీవ్రంగా గాయపడటమో ఖాయమని సబబుగా భయపడే పరిస్థితి ఉన్నప్పుడు. ఇదీ 41వ సెక్షన్. వీటిలో దేని కిందకీ రాని దొంగతనమైతే దొంగను కొట్టి ఆపవచ్చు గానీ, కావాలని చంపే హక్కు లేదని 42 చెబుతుంది. ఇక 37వ సెక్షన్ అన్నిటికీ వర్తిస్తుంది: పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు, ఉన్నప్పుడు కూడా అవసరానికి మించి హాని చెయ్యకూడదు.

ఇప్పుడు నీ కథ దగ్గరికి రా. కుర్రాడు ప్రహరీ దూకాడు గానీ ఇంటి తలుపు జోలికి రాలేదు. వంటగది గడియ విరగ్గొట్టి లోపలికొచ్చి ఉంటే చట్టం ఒకలా చూస్తుంది, నూతి గట్టు దగ్గర దొరికితే ఇంకోలా చూస్తుంది. తలుపుకీ నూతికీ మధ్య నీ కథలో పది అడుగులు కూడా లేవు. ఆ పది అడుగులూ నీ కథకి ప్రాణం. నువ్వు వాటిని ఒక్క వాక్యంలో దాటేశావు.

వాడు పానా ఎత్తి ఆయన వైపు తిరిగాడు. ఆయన కొట్టాడు. పానా జారి పడింది. ఇక్కడిదాకా నేను ఆయన పక్షం. కోర్టు కూడా ఆయన మాట సానుభూతితోనే వింటుంది. అలాంటి వేళ మనిషి తన దెబ్బని బంగారు తక్కెట్లో తూచి వెయ్యలేడని సుప్రీంకోర్టు పదే పదే చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసులో ఈ సూత్రాలన్నీ ఒకచోట కూర్చింది. చట్టాన్ని గౌరవించే మనిషి దాడి ఎదురైతే పిరికివాడిలా పారిపోనక్కర్లేదు. ప్రమాదం ముంచుకొస్తోందని సబబుగా అనిపిస్తే చాలు, ముందు దెబ్బ తిని చూపించాల్సిన పని లేదు. ఆత్మరక్షణ అన్న వాదనని ముద్దాయి అనుమానానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపిస్తే సరిపోతుంది.

తర్వాతి పేరాలో నువ్వే రాశావు, వాడు గోడ పట్టుకుని ఎక్కబోతుంటే ఆయన వెనకనుంచి తల మీద మళ్లీ కొట్టాడని. మోటారు గట్టు మీదే ఉంది. పానా నేల మీదుంది. వాడి వీపు ఆయన వైపుంది. ఇంక ఏ భయంతో కొట్టాడు? 1960ల మొదట్లో జయదేవ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది ఈ ప్రశ్నే. అది పంజాబులో ఒక పొలం తగాదా. తమ మీదికొచ్చినవాళ్లు వెనుదిరిగి పారిపోతున్నా ముద్దాయిలు కాల్పులు ఆపలేదు. ప్రమాదం తొలగిపోవడంతోనే హక్కు కూడా ముగిసిందని కోర్టు తేల్చింది. నీ ఫోర్‌మన్ మీద పెట్టేది హత్య కేసే. ముందుగా అనుకున్నది కాదు, అవసరానికి మించి హాని చేసే ఉద్దేశం లేదు, సద్భావంతోనే హద్దు దాటాడు అని లాయరు ఒప్పించగలిగితే 101వ సెక్షన్‌లో ఉన్న మినహాయింపు కింద అది హత్య కాని నరహత్యకు దిగుతుంది. వీపు చూపిన మనిషి మీద పడిన దెబ్బకి ఆ మాటలన్నీ అతికించడం తేలికేం కాదు. దిగినా, శిక్ష ఏళ్లలోనే లెక్క.

ఇలాంటి కేసు ఒకటి విచారణకొచ్చినప్పుడు నేను కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చున్నాను. గుడ్డలో చుట్టి లక్క సీలు వేసిన మూట తెచ్చి విప్పారు. లోపల రాడ్డు, దానికి దారంతో కట్టిన చీటీ, చీటీ మీద క్రైమ్ నంబరు, సంతకాలు. "ఎం.ఓ. 1", అంటే కేసులో సాక్ష్యంగా పెట్టిన మొదటి వస్తువు, అని గట్టిగా చదివారు. చూస్తే అది ఇంట్లో గేటుకి అడ్డంగా దూర్చే మామూలు రాడ్డు, ఒక చివర అరిగి మెరుస్తోంది. "ఇదేనా?" అని సాక్షిని అడిగారు. ముద్దాయి కిటికీ వైపు తిరిగాడు. బయట వరండాలో ఆయన భార్య క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పోయినవాడి తల్లి అదే బెంచీకి రెండో చివర. వాయిదా పడిందన్నాక ఇద్దరూ గుమస్తానే తేదీ అడిగి వెళ్లారు. నీ కథలోని కాలనీ జనంలాంటివాళ్లు ఆ వరండాలో ఒక్కరూ కనిపించరు, గమనించు. మెచ్చుకోవడానికి గేటు దాకా వచ్చినవాళ్లు వాయిదాలకు రారు.

జీడితోట చుట్టూ కరెంటు తీగ లాగిన రైతు మీద ఇంకో కథ రాస్తానన్నావు కదా. దానికి ముందు రెండు కేసులు తెలుసుకో. మొదటిది బీహార్‌లోది, చెరుబిన్ గ్రెగరీ కేసు. పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోయింది. ఆ ఇంటి ఆడమనిషి గ్రెగరీ మరుగుదొడ్డిని వాడుకోవడం మొదలుపెట్టింది. వద్దన్నా వినడం లేదని ఈయన దారిలో బట్టబయలు రాగి తీగకి కరెంటు పెట్టాడు. కరెంటు ఉందన్న హెచ్చరిక ఏదీ లేదు. ఆమె వెళ్లింది, తీగ తగిలింది, చనిపోయింది. నా స్థలంలోకి అక్రమంగా వచ్చింది, నా ఆస్తిని కాపాడుకున్నాను అని ఈయన సుప్రీంకోర్టు దాకా వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన ఆ మనిషికి హాని చేసే ఏర్పాటు పెట్టే హక్కు స్థలం యజమానికి రాదని చెప్పి శిక్ష ఖాయం చేసింది. ఒకావిడ కాలకృత్యాలకు వెళ్లి చనిపోయింది, తమ్ముడూ. ఆ తీగ బిగించిన సాయంత్రం ఆయన చేతులు ఎలా కదిలాయో రాయగలిగితే అదొక్కటే కథ.

రెండోది అమెరికాలో అయోవా రాష్ట్రానిది, 1971లో తీర్పు వచ్చింది. ఎవరూ ఉండని పాత ఇంట్లో దొంగలు పడుతున్నారని ఆ రైతు దంపతులు పడగ్గది మంచానికి తుపాకీ కట్టి, తలుపు తెరవగానే పేలేలా తీగ లాగారు. భర్త ముందు కడుపు ఎత్తుకి గురిపెట్టాడట. భార్య చెబితే కాళ్ల ఎత్తుకి దించాడు. పాత గాజు సీసాలు ఎత్తుకెళ్దామని వచ్చినవాడి కాలు ఛిద్రమైంది. ఆ దొంగకే ముప్పై వేల డాలర్లు ఇవ్వాలని కోర్టు చెప్పింది, వాళ్లు పొలంలో కొంత అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ తీర్పు విని అక్కడ చాలామంది మండిపడ్డారు. కానీ తీగకి కళ్లుండవు. ఫోర్‌మన్ కనీసం చీకట్లో ఎదుటివాడి చేతిలో ఏముందో చూడగలడు, ఆగగలడు. తీగ ఆగదు. మేకని వెతుక్కుంటూ వచ్చిన పిల్లాడైనా, తప్పతాగి దారి తప్పిన మీ బాబాయైనా దానికి ఒకటే.

ఒక జాగ్రత్త. ఇదంతా చదివి నువ్వు ఆ కుర్రాడికి మంచాన పడ్డ తల్లినో, ఫీజు కట్టలేని చెల్లెల్నో తగిలిస్తావేమోనని నా భయం. వద్దు. వాడు తాగుబోతే అనుకో, ఇదివరకు నాలుగు మోటార్లు ఎత్తుకెళ్లినవాడే అనుకో, ఆ గోడ మీద వాడి ప్రాణం విలువ అంతే ఉంటుంది. మంచివాడు కాబట్టి చంపకూడదు అన్నావంటే చెడ్డవాడైతే చంపొచ్చని ఒప్పుకున్నట్టే. చట్టం చూసేది వాడి మంచితనాన్ని కాదు, ఆ క్షణాన ఆయనకున్న భయాన్ని, దానికి తగిన బలాన్ని. నేను రచయితగా చట్టం కన్నా ఇంకొంచెం ముందుకెళ్లి అంటాను: చట్టం ఒప్పుకున్న చోట కూడా, అర్ధరాత్రి తలుపు పగలగొట్టి వచ్చినవాణ్ని చంపి ఒక మనిషి నిర్దోషిగా బయటపడినా, మర్నాడు ఆ గచ్చు కడగాల్సింది ఆ ఇంటివాళ్లే. హక్కు ఉంది కదా అని మనసు ఊరుకోదు.

పట్టుకున్నాక కట్టేసి కొట్టే సీను కూడా పెట్టాలని ఉందన్నావు. పట్టుకోవడం తప్పు కాదు. కళ్లముందు అలాంటి నేరం చేసినవాణ్ని మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు, అరెస్టు, విచారణ పద్ధతుల్ని చెప్పే కొత్త నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చెయ్యకుండా, ఎట్టి పరిస్థితుల్లో ఆరు గంటల్లోగా, పోలీసులకు అప్పగించాలి. స్తంభానికి కట్టేశాక పడే ప్రతి దెబ్బా నేరమే. రాస్తే రాయి గానీ, కొట్టేవాళ్లలో ఎవరెవరు ఎందుకు కొడుతున్నారో విడివిడిగా రాయి. ఒకడికి అప్పులవాళ్ల మీద కోపం, ఒకడికి పెళ్లాం ముందు మగతనం. గుంపు అని రాసి వదిలెయ్యకు.

మధురవాడ, భీమిలి వైపు సైట్ల గొడవల మీద అడిగావు. అది వేరే పెద్ద కథ. ఒక్క మాట మాత్రం: ఎవరైనా ఇప్పుడే చొరబడుతుంటే అడ్డుకోవడం ఒకటి, ఏళ్ల తరబడి స్థిరపడిన కబ్జాదారుని గూండాలతో ఖాళీ చేయించడం ఇంకొకటి. రెండోదానికి అసలు యజమానికి కూడా హక్కు లేదని, కోర్టుకే వెళ్లాలని 1960ల్లో మున్షీరామ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక తిరగరాసే పని. మొదటి దెబ్బకీ రెండో దెబ్బకీ మధ్య ఏమైందో నాకు కనిపించాలి. భార్యకు మెలకువ వచ్చి ఉంటే ఏమనేది? ఆమె 112కి ఫోన్ చేసి ఉంటే ఆ పోలీసులు వచ్చేదాకా ఆయన ఏం చేసేవాడు? రెండోసారి రాడ్డు ఎత్తినప్పుడు ఆయన కొట్టింది ఆ కుర్రాణ్నా, లేక ఉద్యోగంలో ఏళ్లపాటు దిగమింగిన ఇంకేదాన్నైనానా? నీకే తెలియకపోతే ఇంకా రాయకు. సెషన్స్ కోర్టుకి నాతో రా. ఉదయం పదిన్నరకల్లా వెళ్తే వెనక బెంచీలో చోటు దొరుకుతుంది, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకో. లంచ్ దాకా సాక్షుల్ని వింటే చాలు. మధ్యాహ్నం మా ఇంటికే వచ్చి కూర్చుని రాద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య