ఎన్నారై సందేహాలు: ఏజ్డ్ కేర్‌లో మేనేజ్‌మెంట్ వైపు ఎదగొచ్చా?

ప్రశ్న: హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎంబీఏ చేశాను. ఇండియాలో ఒక పెద్ద హాస్పిటల్‌లో ఆపరేషన్స్ చూసేదాన్ని. మావారి వీసా మీద ఈమధ్యే ఆస్ట్రేలియా వచ్చాను. వృద్ధుల హోమ్‌లు నడిపే ప్రైవేట్ ఏజ్డ్ కేర్ కంపెనీల్లో బిజినెస్ వైపు ఎదగాలని ఉంది. చెబితే అందరూ "ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పని, నీకెందుకు" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ "అందరి" సంగతి తేల్చుకోండమ్మా. స్నానం చేయించడం నామోషీ అనుకునే మనిషి ఈ రంగంలో మేనేజర్‌గా కూడా నిలబడలేరు. నీతులు చెప్పడానికి అనడం లేదు, ఇక్కడి డబ్బు లెక్కే అలా ఉంటుంది.

మీరు పనిచేసిన హాస్పిటల్‌లో రేట్లు యాజమాన్యం పెట్టి ఉంటుంది. ఇక్కడ ఆదాయంలో ఎక్కువ భాగం ప్రభుత్వ సబ్సిడీ. ఒక్కో రెసిడెంట్‌కి ఎంత సాయం అవసరమో బయటి అసెసర్ వచ్చి చూసి ఒక క్లాసు ఇస్తారు, దాన్నిబట్టి రోజుకి ఇంత అని వస్తుంది. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ఈ పద్ధతిని యాన్-యాక్ (AN-ACC) అంటారు. ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు ఇది నోటికి వచ్చి ఉండాలి.

ప్రభుత్వం డబ్బిచ్చి ఊరుకోదు, లెక్క అడుగుతుంది. 2024 అక్టోబర్ నుంచి సగటున ఒక్కో రెసిడెంట్‌కి రోజుకి 215 నిమిషాల కేర్ అందాలి, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సుది. రెసిడెంట్ల అవసరాన్ని బట్టి ప్రతి హోమ్‌కీ టార్గెట్ కాస్త మారుతుంది. సగటే పట్టుకుంటే, వంద మంది ఉన్న హోమ్‌కి రోజుకి 21,500 నిమిషాలు, అంటే దాదాపు 358 గంటలు. నర్సుల వాటా 73 గంటలు. వంట, క్లీనింగ్ చేసేవాళ్ళ టైం ఇందులో కలవదు.

ఇక ఏడింటి షిఫ్ట్‌కి రావలసిన ఇద్దరు కేరర్లు (రెసిడెంట్లని దగ్గరుండి చూసుకునేవాళ్ళు) అయిదున్నరకి "సిక్" అని మెసేజ్ పెట్టారనుకోండి. అవసరమైనప్పుడు పిలిస్తే వచ్చే క్యాజువల్స్ ఎవరూ ఫోన్ ఎత్తరు. ఏజెన్సీకి చెబితే మనుషులు వస్తారు గానీ సొంత స్టాఫ్ కన్నా బాగా ఎక్కువ పడుతుంది. పైగా ఎవరికి మెత్తటి భోజనం పెట్టాలో, ఎవరిని హాయిస్ట్‌తో (మనిషిని ఎత్తే యంత్రంతో) లేపాలో వాళ్ళకి తెలియదు. పిలవకపోతే నిమిషాలు తగ్గి, ఆ తగ్గుదల ప్రభుత్వం హోమ్‌లకి ఇచ్చే, అందరూ చూసే స్టార్ రేటింగ్‌లోకి ఎక్కుతుంది. అయిదున్నరకి ఈ నిర్ణయం తీసుకున్నవాళ్ళే తర్వాత రీజనల్ మేనేజర్‌గా బడ్జెట్ మీద సంతకం పెడితే నమ్మకంగా ఉంటుంది. అందుకే ఎంబీఏ పట్టుకుని నేరుగా హెడ్డాఫీసులో దిగాలని చూడొద్దు అంటాను.

మీలాంటివాళ్ళకి తొందరగా పట్టుబడేది మరొకటి ఉంది: రాడ్ (RAD). గది కోసం రెసిడెంట్ కట్టే రీఫండబుల్ డిపాజిట్ అది. 2025 జనవరిలో, ప్రత్యేక అనుమతి లేకుండా పెట్టుకోగల రేటు పరిమితిని 7,50,000 డాలర్లకి పెంచారు. మొత్తం ఒకేసారి కట్టలేనివాళ్ళు డాప్ (DAP) అనే రోజువారీ చెల్లింపు ఎంచుకుంటారు. డిపాజిట్ 6,00,000, ప్రభుత్వం ప్రకటించిన వడ్డీ రేటు 8 శాతం అనుకుంటే, ఏడాదికి 48,000, రోజుకి 131 డాలర్ల పైచిలుకు. 2025 నవంబర్ 1న కొత్త ఏజ్డ్ కేర్ చట్టం వచ్చాక, ఆ తర్వాత చేరినవాళ్ళ డిపాజిట్‌లో ఏడాదికి 2 శాతం చొప్పున అయిదేళ్ళ వరకు హోమ్ ఉంచుకుంటుంది. మిగతాది తిరిగి ఇవ్వాల్సిందే. చేతిలో కోట్లు కనబడుతున్నాయి కదా అని ఖర్చు పెట్టేస్తే, పది గదులు ఒక్కసారి ఖాళీ అయిన నెలలో ఊపిరాడదు. ఫైనాన్స్ బుర్ర ఉన్నవాళ్ళకి ఇక్కడ మంచి విలువ ఉంది. అయితే ఇదంతా అమ్మని హోమ్‌లో చేర్చడానికి ఏడుపు ఆపుకుంటూ వచ్చిన కూతురికి అర్థమయ్యేలా చెప్పగలగాలి. స్ప్రెడ్‌షీట్ అందరూ చేస్తారు, అది చెప్పగలిగేవాళ్ళు తక్కువ.

కాబట్టి మొదటి ఉద్యోగం రోస్టరింగ్‌లోనో (ఎవరికి ఏ షిఫ్ట్ అని వేసే పని), అడ్మిషన్స్‌లోనో, హోమ్ స్థాయి అడ్మిన్‌లోనో చూసుకోండి. అక్కడినుంచి బిజినెస్ మేనేజర్, ఆపైన హోమ్ మొత్తం చూసే జనరల్ మేనేజర్. చాలా కంపెనీలు ఆ కుర్చీలో నర్సునే కోరుకుంటాయి. మీరు నర్సు కాదు గనక, క్లినికల్ బాధ్యత వేరే కేర్ మేనేజర్‌కి ఇచ్చే పెద్ద హోమ్‌లను వెతకండి. వీలైతే కొన్నాళ్ళు కేరర్‌గా కూడా చేయండి, సర్టిఫికెట్ త్రీ కోర్సు చాలు. రెజ్యూమెలో దాన్ని దాచొద్దు, పైన పెట్టండి.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న తరచూ ఎదురవుతుంది: ఆక్యుపెన్సీ (నిండిన గదులు) 88 శాతం ఉంది, ఎలా పెంచుతారు? మనవాళ్ళు వెంటనే మార్కెటింగ్, సోషల్ మీడియా అంటారు. వాళ్ళు వినాలనుకునేది వేరు. దగ్గరి హాస్పిటల్‌లో డిశ్చార్జ్ చూసే సోషల్ వర్కర్‌కి మీ ఫోన్ నంబరు తెలుసా? గది ఖాళీ అయ్యాక పెయింటింగ్‌కి ఎన్ని రోజులు పడుతోంది? తాత్కాలికంగా రెస్పైట్‌కి వచ్చినవాళ్ళలో ఎంతమంది ఉండిపోతున్నారు, వెళ్ళిపోయినవాళ్ళు ఎందుకు వెళ్ళారు?

కంపెనీ ఎవరిదో కూడా చూసుకోండి. 2014లో జపారా, రీజిస్, ఎస్టియా మూడూ ఒకే ఏడాది షేర్ మార్కెట్‌కి వచ్చాయి. 2021లో జపారాను లాభాపేక్ష లేని కాల్వరీ కొనుక్కుంది, 2023లో ఎస్టియా బెయిన్ క్యాపిటల్ చేతికి పోయింది. ఇలా చేతులు మారినప్పుడు మొదట సన్నబడేది హెడ్డాఫీసు. హోమ్ నడపడం వచ్చినవాళ్ళకి అంత టెన్షన్ ఉండదు.

ఈ వ్యాపారం మీద జనానికి అనుమానం ఎక్కువ, అది ఊరికే రాలేదు. ఈ రంగంపై విచారణకి 2018లో ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ మధ్యంతర నివేదికకి పెట్టిన పేరే "నిర్లక్ష్యం". 2021 తుది నివేదికలో 148 సిఫార్సులు చేశారు. ఇప్పుడు తీవ్రమైన ఘటన జరిగితే 24 గంటల్లో ఏజ్డ్ కేర్‌ని పర్యవేక్షించే క్వాలిటీ అండ్ సేఫ్టీ కమిషన్‌కి రిపోర్ట్ చేయాలి. కొత్త చట్టంలో పై స్థాయి మేనేజర్లని రెస్పాన్సిబుల్ పర్సన్స్ అంటారు, తమ వంతు జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత వ్యక్తిగతంగా వాళ్ళ మీదే ఉంటుంది. "నాకు ఎవరూ చెప్పలేదు" అంటే కుదరదు. జీతం అంకె చూసేటప్పుడు ఇది కూడా తూకం వేసుకోండి.

వీసా గురించి రెండు ముక్కలు. ఏజ్డ్ కేర్‌లో స్పాన్సర్‌షిప్ సులువు అని మీరు వినేది కేరర్ల కోసం ఉన్న లేబర్ అగ్రిమెంట్ సంగతి. బిజినెస్ మేనేజర్లు దానిలోకి రారు. స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తామని డబ్బులడిగే ఏజెంటు ఎవరైనా తగిలితే, ఇక్కడ అలా డబ్బు ఇవ్వడమూ తీసుకోవడమూ చట్టవిరుద్ధమేనని గుర్తుంచుకోండి. మీకున్న వర్క్ రైట్స్ ఏమిటో వీవోలో (VEVO, వీసా వివరాలు చూపే ప్రభుత్వ వెబ్‌సైట్) చూసి ప్రింట్ తీసుకోండి, పోలీస్ చెక్‌కి ఈ వారమే అప్లై చేయండి. అవి రెండూ చేతిలో ఉంటే రోస్టరింగ్ ఉద్యోగాలకి వెంటనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.