బయాప్సీలో రైనోస్క్లిరోమా అని వచ్చింది, ఇది క్యాన్సరా?

కాదండీ. ఏడాదిగా తగ్గని ముక్కు దిబ్బడ, లోపల గడ్డ అని రాశారు కాబట్టి ఆ భయం సహజమే. ఇది క్లెబ్సియెల్లా జాతి బ్యాక్టీరియా తెచ్చే మొండి ఇన్ఫెక్షన్.

మొదట్లో జలుబనే అనుకుంటాం. తర్వాత ముక్కులో దుర్వాసనతో చెక్కులు కడతాయి, ఆపైన నొప్పి లేని గట్టి గడ్డలు పెరుగుతాయి. చివరికి మచ్చకట్టి దారి ఇరుకైపోతుంది.

నిర్ధారణకు బయాప్సీయే ఆధారం. మైక్రోస్కోపులో నురగ నింపినట్టుండే పెద్ద కణాలు కనిపిస్తాయి. వీటిని మికులిచ్ కణాలంటారు, బ్యాక్టీరియా దాక్కునేది వీటిలోనే. కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగకపోయినా జబ్బు లేదని కాదు. టీబీ, కుష్టు, ఫంగస్ కూడా ఇలాగే గడ్డ కట్టొచ్చు, వాటినీ చూడాలి. స్వరపేటిక కింద కూడా ఇరుకవ్వొచ్చు కాబట్టి గొంతు బొంగురుపోతే ఎండోస్కోపీ తప్పనిసరి.

సిప్రోఫ్లాక్సాసిన్ లేదా డాక్సీసైక్లిన్ లాంటి మందులు నెలల తరబడి వాడాలి. ముక్కు తెరుచుకుంది కదా అని మధ్యలో మానేస్తే మళ్లీ వస్తుంది. శ్వాసకు అడ్డుంటేనే ఆపరేషన్.

అన్నట్టు, చెరువు స్నానాలతో ముడిపెట్టే రైనోస్పోరిడియోసిస్ అనే ముక్కు జబ్బు వేరు. అందులో గడ్డ ఎర్రగా, తాకితే రక్తం కారేలా ఉంటుంది. దానికి ఆపరేషనే ప్రధాన చికిత్స.