డైనమో మార్చే ముందు మీటరు పెట్టండి

కొత్త బ్యాటరీ వేసిన నెలకే ఉదయంపూట సెల్ఫ్ మూలుగుతోంది, మెకానిక్ డైనమో (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసేది) మార్చాలంటున్నారు, మార్చమంటారా అని అడిగారు. బండి రంగుతో సహా అన్నీ రాశారు గానీ వోల్టేజీ అంకె ఒక్కటి కూడా రాయలేదు. మీ మెకానిక్ కూడా మీటరు పెట్టి ఉండరని నా గట్టి నమ్మకం. పెట్టినవారు అంకె చెప్పకుండా ఊరుకోరు. కాబట్టి ఇప్పుడే మార్చవద్దు.

నా పాత డీజిల్ కారుదీ ఇదే జబ్బు. మొదట బ్యాటరీ మారింది. తర్వాత పేరున్న వర్క్‌షాపులో డైనమో కూడా మార్చారు. అయినా రాత్రిపూట హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను కలిపి వేస్తే వెలుతురు తగ్గిపోయేది. తెల్లవారితే సెల్ఫ్ బద్ధకంగా తిరిగేది. డ్యాష్‌బోర్డులోని బ్యాటరీ గుర్తు మాత్రం ఏనాడూ వెలగలేదు. అది వెలగలేదు కాబట్టి ఛార్జింగ్ బాగానే ఉన్నట్టని వర్క్‌షాపు వాళ్ల వాదన. అలాంటప్పుడు డైనమో ఎందుకు మార్చినట్టో వాళ్లే చెప్పాలి.

చివరికి ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, చూశారు. పనిముట్ల పెట్టెలోంచి ఆయన తీసింది వోల్టేజీ, కరెంటు కొలిచే ఒక మామూలు మల్టీమీటరు. ఇంజిన్ నడుస్తుండగా లైట్లు, ఫ్యాను వేయించి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య చూస్తే 13.2 వోల్టులు. అదే మీటరు డైనమో వెనక బోల్టుకూ డైనమో బాడీకీ మధ్య పెడితే 14.2. "ఇక్కడ పుట్టింది అక్కడికి చేరడం లేదు, దారిలో ఎవరో తింటున్నారు" అన్నారు. డైనమో బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్ దాకా చూస్తే పోతున్నది 0.1 మాత్రమే. అటు దోషం లేదు. డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య పెట్టగానే 0.9 చూపించింది. అక్కడ 0.2 దాటితేనే అనుమానించాలి.

ఇంజిన్ నుంచి కరెంటును బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేర్చే ఎర్త్ వైరు పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంది. బోల్టు విప్పి తొడుగు చీలిస్తే లోపలి రాగి పోగులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. వేలితో నలిపితే పొడిపొడిగా రాలింది. అంత లావు వైరులో కరెంటు మోస్తున్న పోగులు ఎన్ని మిగిలాయో! కొత్త వైరు తెచ్చి, బోల్టు కూర్చునే చోట రంగునూ తుప్పునూ ఇనుము మెరిసేదాకా గీకి బిగించారు. బ్యాటరీ దగ్గర వోల్టేజీ 14 దాటింది. స్టార్టర్ కరెంటు కూడా ఆ వైరు గుండానే తిరిగి రావాలి కాబట్టి సెల్ఫ్ కూడా దానంతటదే బాగుపడింది.

డ్యాష్‌బోర్డులో బ్యాటరీ దీపం వెలగకపోవడంలో వింతేమీ లేదు. అలాంటి బండ్లలో ఆ దీపానికి ఒక కొస బ్యాటరీ ప్లస్ వైపు, రెండోది డైనమో వైపు ఉంటాయి. రెండుచోట్లా వోల్టేజీ ఇంచుమించు సమానమైతే ఆరిపోతుంది. ఎర్త్ వైపు పోయేది దాని కంట పడదు. డైనమోలో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ కూడా తన దగ్గర 14.2 ఉందని చూసుకుని తృప్తిపడుతుంది. కొత్త డైనమో వేసినా జబ్బు కదలకపోవడానికి కారణం అదే.

ఇక మీ సంగతి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కు వచ్చిందంటే సగం అయిపోయినట్టే. ఇంజిన్ నడిచేటప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటి అక్కడే నిలిస్తే రెగ్యులేటర్‌ను పట్టుకోండి. ఇంజిన్ నడుస్తున్నా 12.5 దగ్గర నిలబడి మెల్లగా దిగిపోతుంటే ముందు బెల్టు జారుతోందేమో, ఛార్జింగ్ ఫ్యూజు పోయిందేమో చూసి, ఆ తర్వాతే డైనమో మీద నింద వేయండి. కొత్త బండ్లలో ఛార్జింగ్‌ను కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కనుక ఒక్కసారి చూసి తీర్పు చెప్పకండి. లైట్లు వేసి, ఆపి, కాసేపు గమనించండి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "బండి ఆగలేదు, డైనమో బాగుంది" అని తేల్చే మహానుభావులు ఇంకా ఉన్నారు. మీ బండి మీద ఆ ప్రయోగం చేయనివ్వకండి. అలా పీకినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఇంజిన్ కంప్యూటర్‌నే కాల్చేయగలదు. ఎర్త్ వైరుతో పోయేదానికి కంప్యూటర్ ఖర్చు తోడవుతుంది.

ఛార్జింగ్ అంకెలన్నీ సరిగ్గా ఉండి, రాత్రి ఆపి ఉంచిన బండే ఉదయానికి చతికిలబడుతోందంటే, ఆపాక కూడా ఏదో కరెంటు లాగుతోంది. తాళం వేసిన అరగంటకు, లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోయాక, బ్యాటరీ మైనస్‌కూ దాని వైరుకూ మధ్యలో మీటరు పెట్టి కరెంటు కొలిస్తే 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ ఎక్కడ తగ్గుతుందో చూడండి. నా అనుమానం మొదట పోయేది తర్వాత బిగించుకున్న కెమెరాల మీదికే. ఆ మీటరు మధ్యలో ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టకండి, మీటరులోని ఫ్యూజు పోతుంది.

లైట్లు వేసినప్పటి అంకెలు, డైనమో బాడీకీ మైనస్‌కూ మధ్య అంకెతో సహా, ఇక్కడే రాయండి. అప్పుడు మాట్లాడుకుందాం.