నీ అభిప్రాయం ఏ పేజీలో పుట్టింది?

చిరంజీవి అమ్మాయికి,

మీ పెదనాన్న ఆశీస్సులు. ఈ వేసవిలో చదివిన పుస్తకాల మీద నువ్వు రాసి పంపిన కాగితాలు అందాయి. మూడు నవలలు, మూడు జీవిత కథలు చదవడమే కాక, ఒక్కొక్కదాని మీద నీకు కలిగిన అభిప్రాయాన్ని రాసిపెట్టుకోవాలని నీకు తోచడం నాకెంతో సంతోషం కలిగించింది. ఎలా ఉన్నాయో చెప్పమని అడిగావు. శాఖా గ్రంథాలయంలో 31 ఏళ్లు పనిచేసినవాడిగా, చదివిన ప్రతి పుస్తకానికీ నోటుపుస్తకంలో నాలుగు మాటలు రాసుకునే అలవాటు ఉన్నవాడిగా నాకు తోచినదంతా దాచకుండా రాస్తున్నాను.

నీ కాగితాల్లో "అద్భుతం", "నచ్చలేదు", "సాగదీశారు" అన్న మాటలు పదే పదే కనిపించాయి. అవి తప్పు మాటలు కావు, కాని అవి నీ అభిప్రాయానికి నువ్వు చివర్లో పెట్టిన పేర్లు మాత్రమే. అసలు అభిప్రాయం అంతకు చాలా ముందే, పుస్తకంలో ఏదో ఒక సంభాషణ దగ్గరో, ఒక మనిషి మౌనంగా ఉండిపోయిన చోటో నీలో పుట్టి ఉంటుంది. వెనక్కి వెళ్లి ఆ చోటును వెతికి పట్టుకుని, చదివేవారికి చూపించగలిగితే, నీతో ఏకీభవించనివారు కూడా నీ మాటను కాదనలేక కాసేపు ఆలోచిస్తారు. అందుకే చదివేటప్పుడు పక్కన ఒక చిన్న కాగితం ఉంచుకుని, మనసు కదిలిన చోటా విసుగు పుట్టిన చోటా పేజీ సంఖ్య వేసుకోమంటున్నాను. పుస్తకం గ్రంథాలయానిదైతే మాత్రం దాని మీద గీతలు గీయవద్దు.

రావిశాస్త్రి గారి 'అల్పజీవి' చదువుతుంటే ఊపిరాడలేదని, అందుకే నచ్చలేదని రాశావు. ఊపిరాడలేదన్న మాట నీ కాగితాలన్నిటిలోకీ విలువైనదని నా నమ్మకం. "అందుకే" అన్న చోటనే నాకు పేచీ ఉంది. ఆ నవల నాయకుడు సుబ్బయ్య ఆఫీసులోనూ ఇంట్లోనూ అందరికీ జంకే మనిషి. రచయిత మనల్ని ఆ మనిషి మనసులోకి దించి, అక్కడి భయాలనూ సర్దుబాట్లనూ అతని ఆలోచనలు నడిచే తీరులోనే వినిపిస్తాడు కనుక, అతనికి ఆడని ఊపిరి మనకూ ఆడదు. అంటే నీకు కలిగిన ఇబ్బంది పుస్తకం చేయదలచుకున్న పనిలో భాగమే. ఆ పని జరిగిన తీరు నీకు ఎందుకు భారమైందో, అంత భారాన్ని మోసినందుకు నీకు ఏమైనా దక్కిందో లేదో రాయి. దక్కలేదని తేలినా నాకు అభ్యంతరం లేదు.

డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు' విషయంలో మాత్రం నీతో కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. ఇందిర స్వార్థపరురాలని, కల్యాణి మంచిదని, కనుక ఇందిరకు అన్ని పేజీలు కేటాయించడం రచయిత్రి పొరపాటని రాశావు. నా పాత నోటుపుస్తకం తీసి చూశాను. నా 24వ ఏట ఆ నవల చదివినప్పుడు నేనూ దాదాపు అదే రాసుకున్నాను. మళ్లీ యాభై దాటాక చదివినప్పుడు, తండ్రి భారాన్ని తలమీద వేసుకుని, ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతూ, తనకు కావలసిందేమిటో తానే తేల్చుకోవలసివచ్చిన అమ్మాయి కనిపించింది. విశాఖపట్నంలోని ఆ ఇంట్లో ఆమెకు అండగా నిలబడేవారెవరో, ఆమె మీద ఆధారపడేవారెవరో వేళ్ల మీద లెక్కపెట్టి చూడు. వైద్యం చదివే ప్రకాశం ఆమె దగ్గరికి వచ్చిన తీరునూ వెనుదిరిగిన తీరునూ పక్కపక్కన పెట్టి చూస్తే, స్వార్థమన్న మాటను ఎవరికి అంటించాలో అంత సులభంగా తేలదు. 1957-58లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల ఇది. నాయిక అంటే త్యాగమే చేయాలని ఎదురుచూసే పాఠకుల ముందు అలాంటి అమ్మాయిని నిలబెట్టి, ఆమెను శిక్షించకుండా కథ ముగించడానికి రచయిత్రికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు. ఆ రచయిత్రి 1961లో, ఇంకా చిన్న వయసులోనే కన్నుమూశారన్నది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఇందిర నీకు నచ్చి తీరాలని నేను అనడం లేదమ్మా. పాత్ర మీద నీకున్న ఇష్టాయిష్టాలు వేరు, ఆ పాత్రను రచయిత్రి కట్టిన తీరు మీద నీ తీర్పు వేరు. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేయవద్దని మాత్రమే నా కోరిక. అలాగే ప్రతి అభిప్రాయం కిందా తేదీ వేయడం మరచిపోకు. నా పాత కాగితం మీద తేదీ ఉండబట్టే, మారినది పుస్తకం కాదు, నేనేనని నాకు తెలిసింది.

'మాలపల్లి' గురించి నిషేధానికి గురైన నవల కనుక గొప్పదని రాశావు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో జైల్లో ఉండి దాన్ని రాశారన్నదీ, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించిందన్నదీ నిజమే. కాని ప్రభుత్వం దేనికి భయపడిందో నవలలో చూపించకపోతే, ఆ మాట పీఠికలోంచి తెచ్చుకున్నదిగానే మిగిలిపోతుంది. ఉపన్యాసంలా సాగిన చోట్ల నీకు విసుగు పుట్టి ఉంటే ఆ సంగతీ నిస్సంకోచంగా రాయి.

జీవిత కథల దగ్గర తూకం మారుతుంది. నవలలో ఇలా జరుగుతుందా అని అడుగుతాం. ఆత్మకథలో చెప్పేవారు ఎక్కడ నిలబడి చూశారు, ఏం చెప్పారు, ఏ విషయం దగ్గర ఒక్క వాక్యంతో దాటిపోయారు అని అడగాలి. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' 2012లో వచ్చేనాటికి ఆవిడ తొంభై దాటినవారు. బాలవైధవ్యం, పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త విడిచి వెళ్లడం, ముప్పై దాటాక మళ్లీ చదువు, కాకినాడలో హాస్టల్ మేట్రన్ ఉద్యోగం, కన్నబిడ్డలిద్దరినీ పోగొట్టుకోవడం, ఇంత జీవితాన్నీ ఆవిడ గొంతు పెంచకుండా చెప్పారు. "కన్నీళ్లు పెట్టించింది" అన్న నీ మాట నిజమే అయి ఉంటుంది, కాని ఆవిడ ఎక్కడా కన్నీళ్లు అడగలేదు. అడగకుండానే ఎలా తెప్పించారో చూడవలసింది అక్కడే. ఆవిడ జ్ఞాపకం ఒక్కరి సాక్ష్యం కనుక, దాని పక్కన స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం వారు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పెట్టుకుని చదువు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన సంగతులు అందులో ఉన్నాయి. పదిమంది ఒకే కాలాన్ని పది రకాలుగా గుర్తుంచుకోవడం చూశాక, నువ్వు "ఇదే చరిత్ర" అని తేలికగా రాయలేవు.

అనువాదాల విషయం క్లుప్తంగా చెబుతాను. 'ఒక హిజ్రా ఆత్మకథ' మీద రెండు పేజీలు రాసి, అనువాదకురాలు పి. సత్యవతి గారి పేరు ఒక్కచోట కూడా రాయలేదు. రేవతి గారు తమిళంలో రాసుకున్న జీవితం ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి వచ్చి, 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకుంది. నువ్వు మెచ్చుకున్న ప్రతి వాక్యమూ సత్యవతి గారు ఎంచుకున్న మాటలతో నీకు చేరిందే. 'మా నాయన బాలయ్య'ను తెలుగులోకి తెచ్చినవారూ ఆవిడే. వై.బి. సత్యనారాయణ గారు తన కుటుంబం చదువు కోసం, రైల్వే ఉద్యోగం కోసం తరాలుగా పడిన తపనను చెప్పిన ఆ పుస్తకానికి నువ్వు నాలుగు వరుసలే ఇచ్చావు; అది చాలదు.

ఇంకొకటి, కథ చెప్పడం తగ్గించాలి. మూడు వంతులు కథకూ ఒక వంతు అభిప్రాయానికీ పోయింది. నీ మాట నిలబడటానికి ఎంత కథ అవసరమో అంతే చెప్పి, మిగిలినది చదవబోయేవారికి వదిలిపెట్టు.

పుస్తకం పూర్తికాకుండా మాత్రం ఎన్నడూ తీర్పు రాయకు. చాలా ఏళ్ల క్రితం, ఒక పత్రిక వారు తొందరపెడితే, చివరి 60 పేజీలు మిగిలి ఉండగానే ఒక కొత్త రచయిత నవల మీద కఠినంగా రాసి పంపాను. నేను తప్పుపట్టిన విషయానికి ఆ 60 పేజీల్లోనే జవాబు ఉంది. అచ్చయ్యాక చదివి, ఆ రచయితకు క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశాను. ఆయన మర్యాదగా జవాబిచ్చారు గాని, నా సమీక్ష చదివి ఆ నవలను పక్కన పెట్టినవారందరికీ నేను ఉత్తరాలు రాయలేను కదా.

ఇందిర మీద రాసిన పేజీ ఒక్కటీ తిరగరాసి పంపు. నా 24వ ఏటి కాగితం ప్రతి కూడా ఈ కవరులో పెడుతున్నాను. నీది పూర్తయ్యాకనే విప్పి చదువు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న