ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ జమీందారు థామస్ విలియం కోక్ తండ్రి పుట్టుకతో రాబర్ట్స్ కదా, మరి ఈయన ఇంటిపేరు కోక్ ఎలా అయింది?

తండ్రికి ఆయన మేనమామ ఆస్తితో పాటు వచ్చిన పేరు అది. హోక్‌హామ్ భవనం కట్టించిన లెస్టర్ ప్రభువు థామస్ కోక్‌కు ఒక్కడే కొడుకు. అతను 1753లో పిల్లలు లేకుండానే పోయాడు. ఆరేళ్లకు తండ్రీ పోయాడు. దాంతో ఎస్టేటు ఆ ప్రభువు చెల్లెలి కొడుకు, అంటే మన థామస్ విలియం తండ్రి, వెన్మన్ రాబర్ట్స్‌కు దక్కింది. అతను కోక్ అని పేరు మార్చుకున్నాడు. కానీ మేనమామ భార్య బతికున్నంత కాలం భవనం ఆవిడదే. 1775లో ఆవిడ పోయింది, మరుసటి ఏడే వెన్మన్ కూడా పోయాడు. అలా 22 ఏళ్లకే మన థామస్ విలియం (జననం 1754) జమీందారూ, పార్లమెంటు సభ్యుడూ అయ్యాడు.

వ్యవసాయంలో ఆయన పేరు పెద్దది. కౌలుదార్లకు దీర్ఘకాలం కౌలు ఇచ్చాడు. ఏటా గొర్రెల ఉన్ని కత్తిరింపు వేళ రైతులను పిలిచి కొత్త పద్ధతులు చూపించేవాడు.

వంశం మాటకొస్తే నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇదే. మొదటి భార్య జేన్‌కు ముగ్గురూ ఆడపిల్లలే. ఆవిడ 1800లో పోయింది. 1822లో, 67 ఏళ్ల వయసులో, తనకంటే దాదాపు 50 ఏళ్లు చిన్నదైన ఆన్ కెపెల్‌ను పెళ్లాడాడు. ఆ డిసెంబరు 26న కొడుకు పుట్టాడు. అప్పటికి రెండో కూతురి కొడుక్కి 27 ఏళ్లు! అంటే మేనల్లుడి కంటే మేనమామ అంత చిన్నవాడు. 1837లో థామస్ విలియం లెస్టర్ ఎర్ల్ అనే ప్రభువు బిరుదు పొందాడు, 1842లో కన్నుమూశాడు. ఆ కొడుకు మాత్రం 1909 దాకా బతికాడు.