మీ ప్రశ్నలు: జోర్డాన్ చదివిన కాలేజీలో జోర్డానే గొప్పవాడా?

ప్రశ్న: నేను నల్లగొండలో పి.డి. (ఫిజికల్ డైరెక్టర్)గా పనిచేసి రిటైరయ్యాను. మా పెద్దబ్బాయి కుటుంబం అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీలో ఉంటుంది. మనవడు ఆ దగ్గరలోనే చాపెల్ హిల్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినాలో చదువుతున్నాడు. దసరాకు అందరూ ఇంటికి వచ్చినప్పుడు ఆ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టులో ఇన్నేళ్లలో ఆడినవారిలో ఎవరు గొప్ప అన్న మాట వచ్చింది. మైకేల్ జోర్డాన్ ఉండగా ఇంకొకరి పేరెందుకని మా అబ్బాయి అన్నాడు, నేనూ అదే అన్నాను. మనవడు నవ్వి, "తాతా, కాలేజీ ఆట వరకే చూస్తే హాన్స్‌బ్రో ముందుంటాడు" అన్నాడు. నేను ఆ పేరే వినలేదు. జమ్మి పెట్టుకొని అలాయ్ బలాయ్ చేసుకున్నా ఆ తగవు మాత్రం తెగలేదు. మీరు తేల్చగలరా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీ మనవడి మాటలో పస ఉంది. జోర్డాన్ అనగానే మీ మనసులో మెదిలింది ఆ కాలేజీ లేత నీలం జెర్సీ అయి ఉండదు, ఆ తర్వాత షికాగో బుల్స్ ఎర్ర జెర్సీలో అతడు గెలిచిన 6 ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) టైటిళ్లే అయి ఉంటాయి. మన కాలేజీలో చదివినవాడు తర్వాత కలెక్టరయితే ఊరంతా గర్వపడుతుంది. అయినా ఆ సంవత్సరం కాలేజీలో ఫస్టు వచ్చింది ఎవరని అడిగితే రిజిస్టరు తెరిచి చూడవలసిందే తప్ప, ఇప్పుడు ఎవరు కలెక్టరు కుర్చీలో ఉన్నారని చూడము.

రిజిస్టరు ప్రకారం జోర్డాన్ చాపెల్ హిల్‌లో ఆడింది 1981 నుంచి 1984 వరకు, మూడు సీజన్లు మాత్రమే. 101 మ్యాచుల్లో 1,788 పాయింట్లు, అంటే మ్యాచికి సగటున 17.7. మొదటి ఏడు ఆ సగటు 13.5 మాత్రమే ఉండేది. 1984లో దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే నైస్మిత్, వుడెన్ అవార్డులు రెండూ గెలిచి, ఇంకొక ఏడు ఆడే అవకాశం ఉండగానే ఎన్‌బీఏకు వెళ్లిపోయాడు. ఇది చిన్న రికార్డేమీ కాదు, కానీ ఆ కాలేజీలో ఎవరికీ అందనంత పెద్దదీ కాదు.

1982 జాతీయ కాలేజీ టోర్నమెంటు ఫైనల్ సంగతేమిటని మీ అబ్బాయి అడుగుతాడు, అడగాలి కూడా. న్యూ ఆర్లియన్స్‌లోని సూపర్‌డోమ్‌లో జార్జ్‌టౌన్ ఒక్క పాయింటు ముందుండగా, సుమారు 17 సెకన్లు మిగిలి ఉన్నప్పుడు, 19 ఏళ్ల జోర్డాన్ ఎడమవైపు నుంచి లేచి కొట్టిన షాట్‌తో స్కోరు 63–62 అయింది. ఆ ఫొటో చూడనివారు తక్కువ. అయితే ఆ రాత్రి 28 పాయింట్లు చేసిందీ, టోర్నమెంటులో ఉత్తమ ఆటగాడిగా ఎంపికైందీ జేమ్స్ వర్తీ; జోర్డాన్ చేసినవి 16. ఆ షాట్ తర్వాత కూడా జార్జ్‌టౌన్‌కు గెలిచే సమయం ఉంది. వాళ్ల ఆటగాడు ఫ్రెడ్ బ్రౌన్ తన జట్టువాడనుకొని బంతిని నేరుగా వర్తీ చేతికే అందించడంతో కథ ముగిసింది. చివరి షాట్ కొట్టినవాడు గుర్తుండిపోవడం, మ్యాచంతా మోసినవాడు మరుగున పడటం పి.డి.గా మీరు ఎన్ని టోర్నమెంట్లలో చూసి ఉంటారో నేను చెప్పనక్కరలేదు.

ఇక మీరు వినని టైలర్ హాన్స్‌బ్రో 2005 నుంచి 2009 వరకు నాలుగేళ్లూ ఆడాడు. 142 మ్యాచుల్లో 2,872 పాయింట్లు చేశాడు, అది ఇప్పటికీ ఆ కాలేజీ రికార్డు. 1,219 రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతిని అందుకోవడం) కూడా రికార్డుగానే నిలిచాయి, 2023లో ఆర్మండో బేకాట్ దాటేదాకా. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఈ అంకెలు కావు. 2008లో దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా ఎంపికై, అదే ఏడు సెమీఫైనల్లో కాన్సాస్ చేతిలో 84–66తో చిత్తుగా ఓడిన తర్వాత, ఎన్‌బీఏ డబ్బు ఎదురుచూస్తున్నా ఆఖరి ఏడు ఆడటానికి కాలేజీకే తిరిగి వచ్చాడు. 2009 ఫైనల్లో మిషిగన్ స్టేట్‌ను 89–72తో ఓడించి టైటిల్ గెలిచాకే వెళ్లాడు. ఎన్‌బీఏలో అతడు మామూలు ఆటగాడిగానే మిగిలిపోయాడు కాబట్టి మనదాకా పేరు రాలేదు, అంతే. ఈ ఇద్దరి మధ్యే తీర్పు చెప్పమంటే నా ఓటు మీ మనవడికే.

అయితే నా సొంత ఓటు ఇద్దరికీ కాదు, 1950లలో ఆడిన లెన్నీ రోజెన్‌బ్లూత్‌కు. అప్పటి నిబంధనల ప్రకారం మొదటి ఏడు విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు కాబట్టి అతడికి దక్కింది మూడు సీజన్లే. అందులోనే 76 మ్యాచుల్లో 2,045 పాయింట్లు, సగటు 26.9. 1957లో ఆ జట్టు 32 మ్యాచులు ఆడి ఒక్కటీ ఓడలేదు. సెమీఫైనల్ మూడు ఓవర్‌టైముల దాకా సాగింది, మర్నాడు కాన్సాస్‌తో ఫైనల్ కూడా అంతే. కాన్సాస్ తరఫున ఏడడుగులు దాటిన విల్ట్ చాంబర్లేన్ ఉన్నాడు. మొదటి జంప్ బాల్‌కు (రెఫరీ పైకి విసిరిన బంతి కోసం ఇద్దరు ఎగిరే ఘట్టం) అతడి ఎదురుగా కోచ్ ఫ్రాంక్ మెక్‌గ్వైర్ తన జట్టులో పొట్టివాడైన టామీ కెర్న్స్‌ను పంపాడు. బంతి ఎలాగూ దక్కదని తెలిసి, చాంబర్లేన్ మనసు చెదరగొట్టడానికి వేసిన ఎత్తు అది. చివరికి జో క్విగ్ రెండు ఫ్రీ త్రోలు వేసి 54–53తో గెలిపించాడు.

నా వాదనలో లొసుగు ఎక్కడుందో నేనే చెబుతాను, లేకుంటే మీ మనవడు పట్టుకుంటాడు. ఆ ఫైనల్లో 20 పాయింట్లు చేసిన రోజెన్‌బ్లూత్ మామూలు సమయం ముగియకముందే అయిదో ఫౌల్‌తో బయటికి వచ్చేశాడు. మూడు ఓవర్‌టైములూ బెంచీ మీద నుంచి చూశాడు. అతడు లేకుండానే జట్టు గెలిచిందన్న మాట నిజమే. కానీ ఏడాది పొడవునా మ్యాచికి 28 పాయింట్లు చేస్తూ జట్టును అక్కడిదాకా తెచ్చింది ఎవరన్నది కూడా లెక్కలోకి రావాలి. ఎన్‌బీఏలో రెండే సీజన్లు ఆడి, ఆ తర్వాత బడిలో పాఠాలు చెబుతూ, పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతూ బతికిన మనిషి అతడు. తర్వాతి పేరు ప్రఖ్యాతులను బట్టి గొప్పవాడిని ఎంచితే మొదట కొట్టేసే పేరు అతడిదే అవుతుంది. మీ వృత్తివాడు కాబట్టి మీరు అలా కొట్టేయరని నమ్ముతున్నాను.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఇప్పటివరకు ఆడినవారిలో అందరికన్నా గొప్ప అయిదుగురిని ఎంచి వార్షికోత్సవంలో సన్మానించాలని అనుకున్నాము. పాయింట్ల సగటు తీసి వరుసగా రాస్తే సరిపోతుందని నేను, సరిపోదని మా సీనియర్లు అంటున్నారు. అమెరికాలో కాలేజీలు ఎలా చేస్తాయి?
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: మీ సీనియర్లది సరైన మాట. పై జవాబులో చెప్పిన కాలేజీనే ఉదాహరణగా తీసుకోండి. అక్కడ 1974 నుంచి 1978 వరకు ఆడిన ఫిల్ ఫోర్డ్ సగటు 18.6, రోజెన్‌బ్లూత్ కన్నా ఎనిమిది పాయింట్లు తక్కువ. కానీ ఫోర్డ్ కాలంలో ఆ జట్టుకు 'ఫోర్ కార్నర్స్' అనే పద్ధతి ఉండేది. కోచ్ డీన్ స్మిత్ జట్టు ఆధిక్యంలో ఉన్నప్పుడు ఫోర్డ్ నాలుగు వేళ్లు పైకెత్తేవాడు. మిగతా నలుగురూ నాలుగు మూలలకు జరిగితే, అతడు మధ్యలో బంతిని నేలకేసి కొడుతూ, ఎవరికీ చిక్కకుండా నిమిషాలకు నిమిషాలు కరిగించేవాడు. కబడ్డీలో ముందున్న జట్టు రైడర్ బాల్క్ లైను దాటి ఊరికే తిరిగి వచ్చేయడం మీరు చూసే ఉంటారు, అదే తంతు. జట్టును గెలిపించే ఈ పని చేసినంతసేపూ అతడి ఖాతాలో ఒక్క పాయింటు కూడా చేరదు. అలా ఆడుతూ కూడా 2,290 పాయింట్లు చేశాడు. ఆ రికార్డును హాన్స్‌బ్రో దాటడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

కబడ్డీలో ఆ సాగదీతను అరికట్టడానికి రెండు ఖాళీ రైడ్ల తర్వాత మూడోది 'డూ ఆర్ డై' అన్నట్లే, బాస్కెట్‌బాల్‌లో షాట్ క్లాక్ (బంతి అందాక ఇంత సమయంలోపు షాట్ కొట్టాలన్న గడువు) వచ్చింది. 1982లో వర్జీనియాతో జరిగిన కాన్ఫరెన్సు (కొన్ని కాలేజీలు కలిసి నడిపే లీగు) ఫైనల్లో నార్త్ కరోలినా ఇలాగే సాగదీసి 47–45తో గెలిచినప్పుడు జనం విసిగిపోయారు; 1985–86 సీజను నుంచి దేశమంతటా 45 సెకన్ల గడువు పెట్టారు. మరుసటి ఏడు మూడు పాయింట్ల గీత వచ్చింది. రోజెన్‌బ్లూత్, ఫోర్డ్ ఇద్దరికీ అక్కడ దూరం నుంచి కొట్టినా రెండే పాయింట్లు. కాబట్టి సగటులు పక్కపక్కన రాసేటప్పుడు ప్రతి పేరుకూ ఆ కాలపు నిబంధన ఏమిటో కూడా రాయండి. అలాగే ఎన్నేళ్లు ఆడారన్నది చూడండి. అక్కడ పాయింట్లలో రెండో స్థానంలో ఉన్న ఆర్‌జే డేవిస్ 2025 వరకు అయిదు సీజన్లు ఆడాడు, రోజెన్‌బ్లూత్‌కు దక్కినవి మూడే.

ఆ కాలేజీ జెర్సీ నంబరును శాశ్వతంగా పక్కన పెట్టడానికి ఒక కొలబద్ద పెట్టుకుంది. దేశస్థాయిలో ఆ ఏటి ఉత్తమ ఆటగాడన్న గుర్తింపు వచ్చినవారికే ఆ గౌరవం. అలా ఎనిమిది మందికి దక్కింది. అందులో జాక్ కాబ్ జెర్సీకి అసలు నంబరే లేదు, ఎందుకంటే అతడు ఆడిన 1920లలో నంబర్లే వేసేవారు కాదు. కొలబద్ద ఉండటం మంచిదే. కానీ ఓట్లు వేసేవారి మనసులోని వంకర అందులోకీ వస్తుంది. ఆ కాలేజీ స్కాలర్‌షిప్‌పై తీసుకున్న తొలి నల్లజాతి బాస్కెట్‌బాల్ ఆటగాడు చార్లీ స్కాట్ 1969 కాన్ఫరెన్సు ఫైనల్లో డ్యూక్‌పై 40 పాయింట్లు చేశాడు, వెంటనే డేవిడ్‌సన్‌తో మ్యాచిని చివరి క్షణపు షాట్‌తో గెలిపించాడు. అయినా ఆ ఏడూ, ఆ మరుసటి ఏడూ కాన్ఫరెన్సు ఉత్తమ ఆటగాడి అవార్డు వేరొకరికే వెళ్లింది. అతడి జెర్సీ ఇప్పుడు హాలు పైకప్పు కింద వేలాడుతుంది గాని, ఆ ఎనిమిదిలో లేదు. మీ అయిదుగురిని ఎంచే కమిటీలో ఎవరెవరు కూర్చుంటున్నారో ఒకసారి చూసుకోండి.

అసలు చిక్కు మీకు అంకెలు దొరకడంలో ఉంటుంది. నేను చదువుకున్న కాలేజీలో మట్టి కోర్టు ఉండేది. పొద్దున ముగ్గుపిండితో గీసిన గీతలు సగం ఆట అయ్యేసరికి కాళ్ల కింద మాయమయ్యేవి, ఆ తర్వాత ఫ్రీ త్రో గీత ఎక్కడుందో రెఫరీ చెప్పిందే వేదం. 1940, 1941లలో చాపెల్ హిల్‌లో ఆడిన జార్జ్ గ్లామాక్‌కు చూపు సరిగా ఆనేది కాదు. కోర్టు మీది గీతలను చూసుకొని బోర్డు ఎంత దూరముందో అంచనా వేసి కొట్టేవాడు. మా కోర్టులో అతడు రెండో సగం ఆడగలిగేవాడు కాడు! మా స్కోరు షీట్లు స్టోర్ రూములో కొన్నేళ్లు మగ్గి, ఒక వేసవి సెలవుల్లో పాత కాగితాలవాడి తక్కెడలో కిలోల లెక్కన వెళ్లిపోయాయి.

మీ కాలేజీలోనూ అలాగే జరిగి ఉంటే, యూనివర్సిటీ జట్టుకు ఎవరెవరు ఎంపికయ్యారో చూడండి; మన దగ్గర అది నమ్మదగిన కొలబద్ద. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పాలమూరు యూనివర్సిటీ 2008లో ఏర్పడింది, అంతకు ముందు మీ జిల్లా కాలేజీలు ఉస్మానియా కిందే ఉండేవి. కాబట్టి పాతవారి పేర్ల కోసం హైదరాబాద్ వెళ్లవలసి వస్తుంది. ప్రిన్సిపల్ గదిలోని షీల్డుల వెనుక చెక్కిన సంవత్సరాలు, గ్రూపు ఫొటోల కింది పేర్లు ముందుగా రాసుకొని వెళ్తే పని సగం తేలికవుతుంది.

ప్రశ్న: ఇలాంటి చర్చల్లో ఆడపిల్లల పేర్లు ఎందుకు రావు? నార్త్ కరోలినాలో మహిళల జట్టు లేదా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: ఉంది. పేర్లు రాకపోవడం తప్పు చర్చించేవారిది, పై రెండు జవాబులు రాసిన నాది కూడా. 1994 ఫైనల్లో ఆ మహిళల జట్టు లూసియానా టెక్ కన్నా రెండు పాయింట్లు వెనకబడి ఉంది. గడియారంలో 0.7 సెకను మిగిలింది. బంతిని లోపలికి విసరగానే షార్లట్ స్మిత్ కుడివైపు గీత బయటి నుంచి కొట్టింది, అది గాలిలో ఉండగానే బజర్ మోగింది. మూడు పాయింట్లు పడ్డాయి, 60–59. ఆ మ్యాచిలో ఆమె 20 పాయింట్లతో పాటు 23 రీబౌండ్లు తీసింది. జోర్డాన్ షాట్ తర్వాత ఎదుటి జట్టుకు 17 సెకన్లు మిగిలాయి. ఈమె షాట్ తర్వాత ఏమీ మిగలలేదు.